సాధించుకున్న హక్కు సీటు దాకా చేరాలంటే

ఈఏపీసెట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి ఇంజనీరింగ్ ప్రవేశాలు ముగిసే నాటి వరకు నడిచే ఆ కొద్ది వారాలు మన కుటుంబాలకు ఒక పరీక్షా కాలం. మొదటి వేయి ర్యాంకులలో నిలిచిన పిల్లల ఫొటోలు కార్పొరేట్ కళాశాలల ఫ్లెక్సీలపైకి ఎక్కుతాయి. అర్హత పొందని పిల్లలను ఇంటిల్లిపాదీ ఓదారుస్తారు. ఈ ఇద్దరికీ నడుమ నిలిచిన వారి గురించి మాట్లాడేవారు మాత్రం అరుదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ విభాగపు పరీక్షను రెండున్నర లక్షల మందికి పైగా వ్రాయగా, సుమారు 1.95 లక్షల మంది అర్హత సాధించారు. వీరిలో అరవై వేలకు, లక్షన్నరకు మధ్య ర్యాంకు వచ్చిన విద్యార్థి పరిస్థితి ఏమిటి? ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జూపూడి మొదలుకొని విజయవాడ వించిపేట వరకు సలహా కోసం మమ్ము అడిగే తల్లిదండ్రులలో అత్యధికులు ఈ నడిమి ర్యాంకుల పిల్లలు గలవారే.

వారికి మేము చెప్పదలచినది ఒక్కటే. ర్యాంకు వచ్చిన తరువాత కూడా నిర్ణయం కావలసినవి ఎన్నో మిగిలి ఉంటాయి. ఏ కళాశాల, ఏ శాఖ, ఎంత ఫీజు, నాలుగేళ్ల తరువాత చేతికి పట్టా వస్తుందా, అప్పు మిగులుతుందా అన్న ప్రశ్నలకు సమాధానం ర్యాంకు కార్డులో ఉండదు. చేతిలోని ధ్రువపత్రాలలో, పాటించిన తేదీలలో, ఆప్షన్లు నమోదు చేసిన క్రమంలో ఉంటుంది. మన పెద్దలు శాసనసభలో, న్యాయస్థానాలలో ఏళ్ల తరబడి పోరాడి తెచ్చిన హక్కు ఈ చిన్న చిన్న మెట్ల వద్ద జారిపోతూ ఉన్నది. ఆ నష్టాన్ని ఆపడం కూడా హక్కుల ఉద్యమంలో భాగమే అని మా అభిప్రాయం.

హక్కు వచ్చిన దారి

2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్లు ప్రకటించింది. హైకోర్టు దానిని కొట్టివేసింది. 2005లో మరల తెచ్చిన చట్టం కూడా హైకోర్టులో నిలువలేదు. అటు తరువాత పి.ఎస్.కృష్ణన్ అధ్యయనం, వెనుకబడిన తరగతుల కమిషన్ సిఫారసుల ఆధారంగా, మతం పేరున కాక సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాల పేరున 2007లో 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. అదే బీసీ-ఈ. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం దీనిని కూడా కొట్టివేయగా, అదే సంవత్సరం మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి కొనసాగించింది. ఆ మధ్యంతర ఉత్తర్వు నీడలోనే ఇన్నేళ్లుగా మన పిల్లలు కళాశాలలలో చేరుతున్నారు. ఇంత సన్నని దారం మీద నిలిచిన హక్కును నిర్లక్ష్యంగా వదులుకోవడం తగునా?

ఈ 4 శాతం ఎంతటిదో లెక్క వేసి చూద్దాం. ఒక ప్రైవేటు కళాశాలలో ఒక శాఖకు 60 సీట్లు ఉంటే, అందులో 70 శాతం, అనగా 42 సీట్లు కన్వీనర్ కోటాకు వస్తాయి. వాటిలో 4 శాతమంటే రెండు సీట్లకు మించదు. ఆడపిల్లలకు ప్రతి వర్గంలోను మూడవ వంతు వాటా ఉన్నది. రెండు సీట్లు చాలా తక్కువనిపించవచ్చు. అయితే అవి రాష్ట్రంలోని మైనారిటీయేతర కళాశాలలలో శాఖ శాఖకూ పరచుకొని ఉన్నవి. జనరల్ సీట్లలోనూ ర్యాంకును బట్టి మన విద్యార్థికి స్థానం ఉండనే ఉన్నది. కనుక నడిమి ర్యాంకు విద్యార్థికి ఆ రెండు సీట్లు కళాశాల స్థాయినే మార్చివేయగలవు.

ఎవరు ఏ వర్గం?

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతున్నది. ముస్లిం అయినంత మాత్రాన బీసీ-ఈ వర్తించదు. షేక్, ఖురేషి, ఫకీరు, లబ్బీ, హజామ్, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లింలు వంటి వర్గాలు ఈ జాబితాలో ఉన్నవి. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, కచ్చీ మెమన్ వంటి వర్గాలను చట్టమే మినహాయించింది. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-ఈలో కాక బీసీ-బీలో ఉన్నారు.

మినహాయింపునకు గురైన కుటుంబాలు తమకేమీ లేదని నిరాశ చెందనవసరం లేదు. 2019లో వచ్చిన 103వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ ఉన్నది. సంవత్సరాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి, ఇతర నిబంధనలకు సరిపోయే సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం తీసుకొని ఆ కోటాలో పోటీ పడవచ్చును. బీసీ-ఈ, బీసీ-బీ వారికి ఇది వర్తించదు. కుల ధ్రువపత్రం ఒకసారి తీసుకుంటే చాలును గాని, ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరానికి సంబంధించినది. నిరుడు తీసుకున్న పత్రం ఈ ఏడు చెల్లదు. ఈ ఒక్క సంగతి తెలియక కోటా కోల్పోయే ప్రమాదం ఉన్నది.

వీటికి తోడు మైనారిటీ కళాశాలలో ఆ హోదాపై సీటు కోరే విద్యార్థి తన మతాన్ని రుజువు చేసుకోవాలి. పదవ తరగతి టి.సి.లో మతం వివరం ఉండాలి, లేదా ప్రధానోపాధ్యాయుని ధ్రువపత్రం ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం వేరు. ఇవన్నీ ఫలితాలు వచ్చిన పిదప సచివాలయం చుట్టూ, తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగి తెచ్చుకొనే పత్రాలు కావు. ఇంటర్ రెండవ సంవత్సరపు పరీక్షలు ముగిసిన వారంలోనే చేతికి వచ్చి ఉండాలి.

ఆప్షన్ల క్రమం

రెండవ పొరపాటు వెబ్ ఆప్షన్ల వద్ద జరుగుతుంది. నడిమి ర్యాంకు వచ్చిన విద్యార్థి భయపడి, తప్పక వచ్చే కళాశాలను మొదటి ఆప్షన్‌గా పెడతాడు. తాను నిజముగా కోరుకునే కళాశాలను క్రిందకు నెట్టుతాడు. సీట్ల కేటాయింపు పద్ధతి తెలిసినవారెవరూ ఇలా చేయరు. యంత్రం విద్యార్థి జాబితాను పైనుండి క్రిందకు చదువుకుంటూ వస్తుంది. ఆ ర్యాంకుకు, ఆ వర్గానికి మొదట ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగి ఆ సీటును కేటాయిస్తుంది. దాని క్రింద ఉన్నవాటిని చూడదు. కనుక దొరకడం కష్టమనిపించే మంచి కళాశాలను పైన పెట్టినందువలన నష్టం అణువంతయినా లేదు. దొరికేదానిని పైన పెట్టినందువలన మాత్రం పూడ్చుకోలేని నష్టం ఉన్నది.

జాబితా ఎంత పొడవుగా ఉంటే అంత మేలు. అయితే చేరబోమని ముందే తెలిసిన కళాశాలను అందులో వ్రాయరాదు. మరొక జాగ్రత్త కూడా అవసరం. తదుపరి విడతలో మెరుగైన సీటు కోసం ఆప్షన్లు ఇచ్చి ఆ సీటు పొందితే, మొదటి విడతలో వచ్చిన సీటు దానంతట అదే రద్దవుతుంది. మరల వెనుకకు పోవడానికి వీలుండదు. కనుక ఉన్న సీటు కన్నా నిజముగా మేలైన వాటినే రెండవ విడతలో నమోదు చేయాలి.

ఆప్షన్ల నమోదును నెట్ సెంటర్ కుర్రవానికో, కమీషన్ కోసం తిరిగే ఏజెంటుకో అప్పగించే అలవాటును మన కుటుంబాలు మానుకోవాలి. పాస్‌వర్డ్, ఓటీపీ ఇతరుల చేతికి పోవడమంటే నాలుగేళ్ల భవిష్యత్తు తాళం చెవి పరుల చేతికి పోవడమే.

యాజమాన్య సీటు

మూడవ పొరపాటు అన్నిటికన్నా ఖరీదైనది. ర్యాంకు తక్కువ వచ్చిందన్న దిగులుతో, కౌన్సెలింగ్ మొదలు కాకముందే తండ్రి యాజమాన్య కోటా సీటుకు అడ్వాన్సు కట్టివేస్తాడు. "ఇప్పుడు కట్టకపోతే సీటు ఉండదు" అని పి.ఆర్.ఓ. తొందరపెడతాడు. ఇంట్లో బంగారం కుదువకు పోతుంది. తీరా చూస్తే అదే కళాశాలలో, అదే శాఖలో ఆ ర్యాంకుకే కన్వీనర్ సీటు దొరికి ఉండేది.

ప్రభుత్వం చెల్లించే బోధనా రుసుము కన్వీనర్ కోటాలో చేరిన అర్హులకే వర్తిస్తుంది. 2008-09లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌గా ఆరంభమై, 2020లో జగనన్న విద్యా దీవెనగా పేరు మారిన ఆ పథకం పేరు, నిబంధనలు ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చినా ఈ మూలసూత్రం మారలేదు. యాజమాన్య కోటా వారికి అది లేదు. కౌన్సెలింగ్ విడతలన్నీ ముగిశాక మిగిలిన సీట్లను కళాశాలలే నింపుకొనే స్పాట్ అడ్మిషన్ల వారికీ లేదు. తేదీ తప్పి స్పాట్‌లో చేరిన పేద విద్యార్థి, ప్రక్క బల్లపై కూర్చున్న మిత్రునికి ప్రభుత్వం కట్టే రుసుమును తన తండ్రి రెక్కల కష్టంతో నాలుగేళ్లు కట్టవలసి వస్తుంది. ఒక్క తేదీ మరచినందుకు ఇంత శిక్ష!

రీయింబర్స్‌మెంటు నిధులు ఆలస్యమైనపుడు ఆ భారాన్ని విద్యార్థిపై మోపి, ధ్రువపత్రాలు ఇవ్వకుండా ఆపే ధోరణి మరొక సమస్య. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను కళాశాలలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లో స్పష్టముగా ప్రకటించింది. గడువు లోపల సీటు వదులుకొన్న విద్యార్థికి వేయి రూపాయలకు మించకుండా మినహాయించి మిగిలిన రుసుము తిరిగి ఇవ్వాలని ఏఐసీటీఈ నిబంధన. ఈ రెండు సంగతులు తెలిసిన తండ్రి కార్యాలయంలో బ్రతిమాలవలసిన పని లేదు. వ్రాతపూర్వకంగా అడుగవచ్చును.

కళాశాలను చూచే చూపు

మన ప్రాంతంలో కళాశాలలకు కొదువ లేదు. ఇబ్రహీంపట్నం కూడలిలో నిలబడితే హైదరాబాదు రహదారి ఒకవైపు, జగదల్‌పూర్ దాకా పోయే రహదారి ఒకవైపు చీలుతాయి. మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి కళాశాల, కంచికచర్లలో మిక్ కళాశాల, విజయవాడలో లయోలా సంస్థ, కానూరులో సిద్ధార్థ సంస్థలు, మరికొంత దూరాన గుడ్లవల్లేరు కళాశాల, మన గుమ్మంలోనే జూపూడిలో నిమ్రా కళాశాల ఉన్నవి. ఇంటి నుండి బస్సులో పోయి రాగలిగిన కళాశాల దొరకడం, ముఖ్యముగా ఆడపిల్లల చదువుకు, ఎంతో పెద్ద అనుకూలత. హాస్టలు ఖర్చు మిగిలితే ఆ సొమ్ము పుస్తకాలకు, శిక్షణకు పనికి వస్తుంది.

కాని దగ్గరగా ఉండడం ఒక్కటే కొలత కారాదు. చూడవలసినవి ఇవి. ఆ శాఖకు ఎన్‌బీఏ గుర్తింపు ఉన్నదా? ఎన్‌బీఏ శాఖకు ఇచ్చేది, న్యాక్ సంస్థకు ఇచ్చేది. ఒకదానిని చూపి మరొకటి ఉన్నట్లు నమ్మించే ప్రకటనలను నమ్మరాదు. ఆ శాఖలో పాఠం చెప్పే అధ్యాపకులు ఎందరు, ఎంతకాలంగా ఉన్నారు? నిరుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నవారిలో ఎందరు అన్ని సబ్జెక్టులూ ఉత్తీర్ణులయ్యారు? ప్రయోగశాల తలుపులు తెరచుకుంటాయా? ఈ ప్రశ్నలకు కరపత్రంలో సమాధానం దొరకదు. ఒక మధ్యాహ్నం కళాశాలకు వెళ్లి, గేటు వద్ద మూడవ సంవత్సరపు విద్యార్థులు నలుగురితో మాట్లాడితే దొరుకుతుంది.

శాఖ ఎంపికలోనూ మందను అనుసరించడం మంచిది కాదు. పేరున్న సంస్థలకు సీట్ల సంఖ్యపై ఉన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుండి ఎత్తివేసింది. అందువలన కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెరుగుతున్నవి. కృత్రిమ మేధ, డేటా సైన్స్ అన్న పేర్లు ప్రతి కళాశాల గోడ మీదా కనిపిస్తున్నవి. అధ్యాపకులు లేని చోట కొత్త పేరు గల శాఖలో చేరడం కన్నా, మంచి కళాశాలలో ఎలక్ట్రికల్‌లోనో, ఎలక్ట్రానిక్స్‌లోనో, మెకానికల్‌లోనో, సివిల్‌లోనో చేరడం మేలు. ప్రాంగణ నియామకాలకు వచ్చే సాఫ్ట్‌వేర్ సంస్థలు పలు సందర్భాలలో అన్ని శాఖల వారినీ తీసుకుంటాయి. విద్యుత్ సంస్థలు, రైల్వేలు, గేట్ మార్కులతో ఉద్యోగమిచ్చే ప్రభుత్వ రంగ సంస్థలు మాత్రం సంబంధిత శాఖ పట్టానే అడుగుతాయి. 1979 నుండి మన ఊరి ప్రక్కనే విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్న థర్మల్ కేంద్రపు పొగ గొట్టాలను చూస్తూ పెరిగిన మన పిల్లలు, అక్కడ ఇంజనీరుగా అడుగుపెట్టే మార్గం ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖల గుండా పోతుందని మరచిపోతున్నారు.

మన కళాశాలల బాధ్యత

రాజ్యాంగం 30(1)వ అధికరణం మైనారిటీలకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. 2002లో టి.ఎం.ఏ.పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ హక్కును ధ్రువపరచింది. 2005లో వచ్చిన 93వ సవరణ ప్రైవేటు సంస్థలలో రిజర్వేషన్లకు దారి తెరుస్తూ, మైనారిటీ సంస్థలను దాని నుండి మినహాయించింది. ఈ మినహాయింపులు యాజమాన్యాల సౌకర్యం కోసం ఇచ్చినవి కావు. మన సముదాయపు బిడ్డ కోసం ఇచ్చినవి. మైనారిటీ హోదా ఒక అమానత్. నడిమి ర్యాంకు వచ్చిన ముస్లిం విద్యార్థి వేరొక చోట తలుపు మూసుకుపోయినపుడు తట్టవలసిన తలుపు అది.

మేము ఏ ఒక్క కళాశాలనూ ఉద్దేశించి ఈ మాట చెప్పడం లేదు. రాష్ట్రంలోని ప్రతి ముస్లిం మైనారిటీ వృత్తివిద్యా సంస్థ ఏటా కొన్ని లెక్కలను బహిరంగపరచాలని కోరుతున్నాము. మొత్తం విద్యార్థులలో ముస్లింలు ఎందరు? వారిలో ఆడపిల్లలు ఎందరు? నాలుగేళ్లలో పట్టా పొందినవారు ఎందరు? రుసుములో మినహాయింపు పొందిన పేదలు ఎందరు? అధ్యాపకుల అర్హతలు ఏమిటి? బలహీనమైన పునాదితో వచ్చిన విద్యార్థికి మొదటి సంవత్సరంలో గణితంలో, ఆంగ్లంలో ప్రత్యేక బోధన ఉన్నదా? తక్కువ ర్యాంకుకు సీటు ఇవ్వడం సగం సేవ మాత్రమే. ఆ విద్యార్థిని పట్టా వరకు నడిపించినపుడే అది పూర్తి అవుతుంది. ఈ లెక్కలు చెప్పగలిగిన సంస్థ పట్ల సముదాయపు గౌరవం పెరుగుతుంది. మైనారిటీ హోదాను ప్రశ్నించే వారికి కూడా అదే తగిన సమాధానం.

ఇతర మార్గాలు

ఇంజనీరింగ్ తలుపులు ఈఏపీసెట్ ఒక్కదానితోనే తెరచుకోవు. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా 2011లో మైనారిటీ హోదా గుర్తింపు పొందిన పిదప సగం సీట్లు ముస్లింలకు కేటాయిస్తున్నది. అక్కడ బీటెక్ ప్రవేశాలు జేఈఈ మెయిన్ ఆధారంగా జరుగుతాయి. అలీగఢ్ విశ్వవిద్యాలయానికి ప్రత్యేక ప్రవేశ పరీక్ష ఉన్నది. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ బీటెక్ ఉన్నది, అయితే ఉర్దూ చదివి ఉండాలి. మన పిల్లలలో ఎందరు ఈ దరఖాస్తులు పెడుతున్నారు? ఇంటర్ రెండవ సంవత్సరంలోనే ఈ తేదీలను ఇంటి క్యాలెండరుపై వ్రాసుకోవాలి.

పదవ తరగతి ముగించిన తమ్ముడో, చెల్లెలో ఇంట్లో ఉంటే పాలిటెక్నిక్ మార్గాన్ని తక్కువగా చూడవద్దు. డిప్లొమా ముగించి ఈసెట్ ద్వారా బీటెక్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చును. చేతిలో పనితనంతో ఇంజనీరింగ్ తరగతికి వచ్చే ఆ విద్యార్థి తరచుగా తోటివారికన్నా ముందుంటాడు. ఆటోనగర్ షెడ్లలో తండ్రుల వద్ద పనిముట్లు పట్టడం నేర్చిన మన పిల్లలకు ఇది సహజమైన దారి. ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి ఉపకారవేతనం ఉన్నది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి ఎంపికైన వారికి డిగ్రీలోనైనా డిప్లొమాలోనైనా ఏటా 50,000 రూపాయలు వస్తాయి. ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లలు కూడా పొందవచ్చును.

మరల ఒక సంవత్సరం శిక్షణ తీసుకొని పరీక్ష వ్రాయడం గురించి అడిగేవారికి మా సమాధానం ఇది. పునాది ఉండి, అనారోగ్యం వంటి కారణం వలన ర్యాంకు తగ్గిన విద్యార్థి అయితే ఆలోచించవచ్చును. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనన్న బిడియంతో అయితే వద్దు. ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి.

మహల్లా చేయవలసిన పని

ప్రతి మస్జిద్ కమిటీని, ప్రతి యువజన సంఘాన్ని మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు జుమా నమాజు తరువాత ఒక బల్ల వేయండి. ఇదివరకే ఇంజనీరింగ్ చదివిన ఇద్దరు యువకులు, ఒక యువతి అక్కడ కూర్చోవాలి. ఆడపిల్లల తల్లులు సంకోచం లేకుండా వచ్చి మాట్లాడే ఏర్పాటు ఉండాలి. మహల్లాలో ఇంటర్ ఎం.పి.సి. చదివే పిల్లల జాబితా వారి వద్ద ఉండాలి. ఎవరి ధ్రువపత్రం ఇంకా రాలేదు, ఎవరు ఏ వర్గానికి చెందుతారు, ఎవరు ఏ తేదీన హాజరు కావాలి అన్నవి ఆ జాబితాలో ఎదురెదురుగా వ్రాసి ఉండాలి. గత సంవత్సరం ఏ కళాశాలలో ఏ శాఖకు బీసీ-ఈ ఆఖరి ర్యాంకు ఎంతో కౌన్సెలింగ్ వెబ్‌సైటు నుండి తీసి గోడకు అంటించాలి. ప్రాసెసింగ్ రుసుము కట్టలేని పిల్లవానికి మహల్లా బైతుల్‌మాల్ నుండి ఆ కొద్ది సొమ్ము ఇవ్వాలి.

ప్రభుత్వాన్ని అడుగవలసినవి ప్రభుత్వాన్ని అడుగుదాం. రీయింబర్స్‌మెంటు సకాలంలో చెల్లించాలి. ధ్రువపత్రాలు ప్రవేశాల తేదీలకు ముందే అందాలి. సుప్రీంకోర్టులో 4 శాతం కేసు విచారణకు వచ్చినపుడు రాష్ట్రం బలమైన వాదన వినిపించాలి. ఆ వాదనకు బలం ఎక్కడి నుండి వస్తుంది? ఈ రిజర్వేషన్ వలన ఎందరు బిడ్డలు చదువుకొని పైకి వచ్చారన్న లెక్క నుండి వస్తుంది. వాడుకోని హక్కు కోర్టు బోనులో సాక్ష్యం చెప్పలేదు.

తొంభై వేల ర్యాంకు వచ్చిన షేక్ ఇంటి ఆడపిల్ల సరియైన పత్రంతో, సరియైన క్రమంలో ఆప్షన్లు ఇచ్చి, మంచి కళాశాలలో ఫీజు భారం లేకుండా చేరితే ఆ పట్టా ఒక్క కుటుంబానిదే కాదు. ఇరవై ఏళ్ల పోరాటానికి అది ఒక రుజువు. ఈ వేసవిలో మన మహల్లాలలో అలాంటి రుజువులు ఎన్ని తయారవుతాయో ఇప్పటినుండే లెక్క మొదలుపెడదాం.